గాలి పట్టిన టాక్సీ

నా నోటిదూల గురించి మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. దెప్పనీ. ఈ ఒక్క సంగతిలో మాత్రం ఆమె నోరు తెరవకముందే నేను తల దించుకుంటాను.

ఎనభైల మొదట్లో ములుగు రోడ్డు పక్కన నాకో చిన్న షెడ్డు ఉండేది. డీజిల్ బండ్ల పంపులు, నాజిళ్లు చూసేవాణ్ని. పంపు డీజిల్‌ను ఒత్తి పంపుతుంది, నాజిల్ దాన్ని ఇంజనులోకి సన్నగా చిమ్ముతుంది, అంతే కథ. ఇంజను కొట్టుకుంటుంటే ఒక్కో నాజిల్ పైపు నట్టు కాస్త వదులు చేసి వినేవాణ్ని. చప్పుడు మారితే ఆ నాజిల్ మంచిది, మారకపోతే దొంగ అదే. పొగ రంగు చూసి సగం రోగం రోడ్డు మీదే చెప్పేవాణ్ని. పొగరు కూడా అంతే ఉండేది.

డీజిల్ దారిలోకి గాలి చొరబడితే ఇంజను ఆగిపోతుంది. దాన్ని మేం ‘గాలి పట్టింది’ అంటాం. పంపు మీది స్క్రూ వదులు చేసి చేతిపంపు కొడితే నురగ వస్తుంది. నురగ పోయి వట్టి డీజిల్ వచ్చాక బిగించేస్తే బండి మళ్లీ పరుగెడుతుంది. పది నిమిషాల పని.

హసన్‌పర్తి నుంచి ఒక టాక్సీ వచ్చేది. పెట్రోలు ఇంజను తీసేసి డీజిల్ ఇంజను ఎక్కించిన పాత కారు. దాన్ని నడిపిన అన్న జ్వరమొచ్చి పోతే తమ్ముడు స్టీరింగు పట్టాడు. ఇంట్లో తల్లి, ఈ తమ్ముడు, పిల్లల్లేని వదిన. ఆ టాక్సీయే ముగ్గురికీ తిండి.

మొదటిసారి ఆగినప్పుడు "ఏం ఫికర్ లేదు తమ్మీ, గాలి పట్టింది" అని తీసేశాను. వారానికే మళ్లీ వచ్చాడు. "ట్యాంకు ఎండబెట్టినవా ఏంది?" అని కసిరాను. "లేదన్నా, నిండుగనే ఉన్నది" అన్నాడు. నేను వింటేగా! మూడోసారి పెళ్లివాళ్లను ఎక్కించుకుని ధర్మసాగర్ దారిలో నిలబడిపోయాడట. ఈసారి నాజిళ్లు కూడా విప్పి కడిగాను గానీ, ఆ గాలి ఎక్కడి నుంచి వస్తున్నదో వెతకలేదు. వెతకాలంటే కారు కింద పడుకోవాలి. షెడ్డు ముందు రెండు లారీలు ఆగి ఉన్నాయి. "మొండి గాలి పట్టిందిరా నీ బండికి" అని నవ్వి పంపేశాను.

నాలుగోసారి వచ్చినప్పుడు బంపరుకు నిమ్మకాయలు, వేపమండలు కట్టి ఉన్నాయి. బానెట్ ఎత్తితే ఇంజను మీద విభూతి.

"ఏందిర ఇది? ఇంజనుకు దయ్యం పట్టిందా?" అన్నాను.

అతను నవ్వలేదు. "నువ్వే గదన్నా గాలి పట్టిందంటివి. నేను ఇంట్ల గదే చెప్పిన. అన్న గాలే బండిని పట్టుకున్నదని, ఆయన పెండ్లాం ఇంట్ల ఉన్నన్ని రోజులు పోదని మా అమ్మ వదినెను పుట్టింటికి తోలింది. రెండు రోజులాయె."

నా చేతిలో పానా ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోయాను, నిజం.

ట్యాంకు పైపు విప్పేశాను. బానెట్‌కు డీజిల్ సీసా వేలాడదీసి, దాంట్లోంచి నేరుగా పంపుకు పైపు పెట్టాను. ఇంజను గంటసేపు ఆగకుండా నడిచింది. అంటే పంపు మంచిదే, లోపం ట్యాంకుకూ పంపుకూ మధ్యే ఉంది. కారు కిందికి దూరాను. పైపును పట్టి ఉంచే క్లిప్పు కింద, రాపిడికి పడిన వెంట్రుకంత పగులు. డీజిల్ చుక్క కారదు, పంపు పీల్చినప్పుడు గాలి మాత్రం లోపలికి పోతుంది.

కొత్త పైపు వేసి, పాతది తీసుకుని అతనితో హసన్‌పర్తి వెళ్లాను. తల్లి ముందు బకెట్ నిండా నీళ్లు పెట్టి, పైపును ముంచి, ఒక కొన వేలితో మూసి రెండో కొన నుంచి ఊదాను. పగులు దగ్గర బుడబుడా బుడగలు వచ్చాయి. "ఇగో పెద్దమ్మా, నేనన్న గాలి ఇది" అన్నాను.

ఆమె వంగి బకెట్‌లోకి చూసింది. "నాకేమెరుక బిడ్డా. నువ్వు గాలంటివి, నేను గాలే అనుకుంటి" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "పోయి తోలుకరాండ్రి."

వదిన పుట్టిల్లు మరిపెడ దగ్గరి పల్లెలో. దారిపొడుగునా బండి ఒక్కసారి కూడా ఆగలేదు. ఆమె తన అన్నగారింటి వాకిట్లో ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. నేను పైపు చూపించి, బకెట్‌లో ముంచి చూసిన సంగతి చెప్పి, అంతా నా తప్పేనన్నాను.

"మూడుసార్లు గాలి తీసినవు గదన్నా," అంది, చేతి పని ఆపకుండానే. "యాడికెల్లి వస్తాందో ఒక్కసారన్న చూడకపోతివా?"

మరిది ముందుకొచ్చి "అమ్మ రమ్మన్నది, పా వదినె" అన్నాడు.

అప్పుడు తలెత్తి అతన్ని చూసింది. "బండికైతే బకెట్ల ముంచి చూసిర్రు. మరి నన్నేం చూసి ఎల్లగొట్టిర్రు?"

ఆమె లేవలేదు. ఇంకో గంప మిరపకాయలు దగ్గరికి లాక్కుంది.