గ్లౌజులు అయిపోయిన ఊరు

వై2కె పనులు ముగిసిన మరుసటి ఏడాది మా ఆయనకు ఆస్ట్రేలియా అవతలి కొసనున్న పెర్త్‌లో ప్రాజెక్టు వచ్చింది. బ్లాక్‌టౌన్‌లోని రెండు గదుల యూనిట్‌లో నేనొక్కదాన్నే మిగిలాను. ఆయన ఆరు వారాలకొకసారి వచ్చి రెండు రోజులుండి వెళ్ళేవారు. ఒంగోల్లో నేను ఆస్పత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. ఇక్కడ నా సర్టిఫికెట్ చెల్లదన్నారు. పొద్దున లేచింది మొదలు సాయంత్రం దాకా ఒక్క మాట కూడా మాట్లాడని రోజులుండేవి. కూరగాయల షాపులో అమ్మాయి 'హౌ ఆర్ యూ' అని పలకరిస్తే, జవాబు చెప్పడానికి ముందు గొంతు సవరించుకోవలసి వచ్చేది.

మా బ్లాక్ మొత్తానికీ కింద ఒకటే లాండ్రీ గది. అక్కడే ఆమెను మొదటిసారి చూశాను. యాభై దాటిన, పొడవాటి మనిషి. దక్షిణ సూడాన్‌లో యుద్ధం తప్పించుకుని, కెన్యాలోని శరణార్థి శిబిరంలో కొన్నేళ్ళుండి, మా కింది ఇంటికి వచ్చింది. వారం పది రోజులు నవ్వుకోవడం వరకే మా స్నేహం.

ఒక మధ్యాహ్నం లాండ్రీ గదిలో ఆమె చేతిలోంచి సీసా జారి పగిలింది. ముక్కలు ఏరబోతే అరచెయ్యి తెగింది. నేను తువ్వాలు పట్టుకుని పరుగెత్తాను.

"ముట్టుకోకు!" అని గట్టిగా అరిచింది. తువ్వాలు లాక్కుని తనే కట్టుకుంది. రక్తం మరకలు కూడా తనే కడిగింది. అంతా అయ్యాక సిగ్గుపడుతూ అంది, "నాకేమీ లేదు సిస్టర్. వీసాకి ముందు రక్తపరీక్ష చేశారు. కానీ పాత అలవాటు పోలేదు."

ఆమె, ఆమె చెల్లెలు ఇద్దరూ మంత్రసానులట. ఊరి ఆస్పత్రిలో కాన్పులు చేసేవారు. ఎయిడ్స్ అక్కడికి కూడా వచ్చిన రోజుల్లోనే యుద్ధం దారులు మూసేసింది. మందులు, గ్లౌజులు తెచ్చే లారీలు ఆగిపోయాయి. వాడిన గ్లౌజులే ఉడకబెట్టి, ఆరబెట్టి, చిరిగిపోయేదాకా వాడారు. తర్వాత అవీ అయిపోయాయి.

"మరి ఏం చేశారు?" అన్నాను.

"బిడ్డ ఆగదు కదా," అంది. "వట్టి చేతులతోనే పట్టుకున్నాం. మాతో పనిచేసినవాళ్ళు ఇద్దరు చిక్కిపోయి చనిపోయారు. ఏ జబ్బో తేల్చే పరీక్ష కూడా మా దగ్గర లేదు. ఆ భయంతో గర్భిణులు ఆస్పత్రికి రావడమే మానేశారు. ఇళ్ళల్లోనే కన్నారు. ఇళ్ళల్లోనే పోయారు."

నాకు ఒంగోల్లో ఒక లారీ డ్రైవర్ భార్య గుర్తొచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయేమో. నా చేతులకు రెండేసి గ్లౌజులున్నాయి. మాకు ఏ లోటూ లేదు, ఏ యుద్ధమూ లేదు. అయినా ఆమె ఎయిడ్స్ పరీక్ష రిపోర్టు చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి, వేలితో ఆమె వైపు తోశాను. ఆ సంగతి నేను ఈమెకు చెప్పలేదు.

అప్పట్నుంచీ రోజూ మధ్యాహ్నం ఆమె ఇంట్లో టీ తాగేదాన్ని. చెల్లెలు మాత్రం ఆస్ట్రేలియా రాలేదు. శిబిరంలో వీసా కోసం రక్తపరీక్షకు నిలబడ్డ వరుసలోంచి, నంబరు పిలిచేలోగా వెళ్ళిపోయిందట. సరిహద్దు దాటి మళ్ళీ ఆ ఊరికే చేరింది. అక్కడ కాన్పులు చూసేవాళ్ళెవరూ లేరని కబురు పంపింది.

ఈ సంగతి మా ఆయనకు ఫోన్‌లో చెప్పాను.

"నువ్వు మరీ ఇన్వాల్వ్ అవుతున్నావ్. వాళ్ళ కంట్రీలో ఆ డిసీజెస్ ఎక్కువ, కాస్త కేర్‌ఫుల్‌గా ఉండు," అన్నారు.

"మన ఊళ్ళో తక్కువేంటండీ?"

"అది వేరే."

"ఏం వేరో చెప్పండి."

"మీటింగుంది, తర్వాత కాల్ చేస్తా."

ఆ రోజు మళ్ళీ ఫోన్ రాలేదు.

చలికాలం చివర్లో ఆమె నా తలుపు తట్టింది. లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుని, చెల్లెలు పోయిందని చెప్పింది. టీబీ. రెండు నెలలు మందులు వాడిందట, దగ్గు కూడా తగ్గిందట. ఇంతలో మళ్ళీ కాల్పులు మొదలై దారి మూసుకుపోయింది. మందులు రాలేదు.

నా వైపు తిరిగింది. "నువ్వు ల్యాబ్ మనిషివి. మందులు ఆగకపోతే బతికేదా? నిజం చెప్పు."

అబద్ధం చెబుదామనే నోరు తెరిచాను. కానీ ఆమె కూడా ఆస్పత్రి మనిషే.

"టీబీ తగ్గేది," అన్నాను.

తల ఊపింది. "అందరూ దేవుడి ఇష్టం అంటున్నారు. నువ్వొక్కదానివే నా ప్రశ్నకు జవాబిచ్చావు," అంది. అప్పుడు ఏడ్చింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఈసారి వెనక్కి లాక్కోలేదు.

ఎండాకాలం రాకముందే ఆమె బ్రిస్బేన్ దగ్గర బంధువుల ఇంటికి వెళ్ళిపోయింది. నేను స్టేషన్‌దాకా వెళ్ళాను. అక్కడి నుంచి ఒక కార్డు రాసింది. ఏం రాయాలో తోచక జవాబు ఆలస్యం చేశాను. చివరికి రాస్తే, ఆ ఇంట్లో ఆ పేరుగలవారెవరూ లేరని ఉత్తరం తిరిగొచ్చింది.

అప్పటికి మా ఆయన పెర్త్ నుంచి పూర్తిగా వచ్చేశారు. నేను ఇక్కడి ల్యాబ్ కోర్సులో చేరాను. ఇంట్లో మాటలకు కరువు లేదు. అయినా మధ్యాహ్నం పూట కింద గేటు చప్పుడైతే, బాల్కనీలోకి వెళ్ళి ఎవరొచ్చారో చూసేదాన్ని.