మా వైపు అంతా సరిగ్గానే ఉంది

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మా ఆయన, నేను ఒకే కంపెనీలో, ఒకే సాఫ్ట్‌వేర్ మీద పనిచేసేవాళ్లం. ఇన్సూరెన్స్ ఆఫీసుల్లో క్లెయిములు చూసేవాళ్లు పొద్దున్న తెరిస్తే సాయంత్రం దాకా మూయని డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ అది. మా ఆయన టీమ్‌ది పాత స్క్రీన్లు. ఎప్పుడో ఎవరో రాసిన కోడ్, బూడిదరంగు బటన్లు, కళ్లు చికిలించి చూడాల్సిన అక్షరాలు. మా టీమ్‌ది కొత్త స్క్రీన్లు. మొత్తం ఒకేసారి తిరగరాయించే ఓపిక కంపెనీకి లేదు. అందుకని పాత విండో లోపలే మా కొత్త స్క్రీన్లను ఒక్కొక్కటిగా ఇరికిస్తూ వచ్చారు. వాడేవాళ్లకు అదంతా ఒకటే ప్రోగ్రామ్. లోపల మాత్రం స్క్రీన్లు తయారుచేసే టూల్‌కిట్లు రెండు, దేని పద్ధతి దానిదే.

ఆఫీస్‌కి ఒకే కార్‌లో వెళ్లేవాళ్లం. టోల్‌వే మీద ట్రాఫిక్ నత్తనడక నడుస్తుంటే, నా కోడ్‌లో చిక్కు ఆయనకు చెప్పేదాన్ని, ఆయన చిక్కు నేను వినేదాన్ని. ఫ్రెండ్స్ భార్యలు “మీకేంటి, ఇంట్లో మాట్లాడుకోడానికి టాపిక్ అయినా ఉంటుంది” అనేవారు. నాకది గర్వంగానే ఉండేది.

అప్పుడొచ్చింది ఆ ఫిర్యాదు. ఒక ఆఫీసులో క్లెయిములు చూసే ఆవిడ, పాత స్క్రీన్‌లో ఒక పేషెంట్ వివరాలు కాపీ చేసి, ఉత్తరాలు తయారుచేసే మా కొత్త స్క్రీన్‌లో పేస్ట్ చేసింది. అక్కడ పడింది ఆ పేషెంట్ వివరాలు కావు, అంతకుముందు కాపీ చేసిన ఇంకొకరివి. పని ఒత్తిడిలో ఆవిడ చూసుకోలేదు. ఎవరో స్త్రీకి జరిగిన రొమ్ము ఆపరేషన్ సంగతి, వేరే ఊళ్లో ముక్కూమొహం తెలియని మగమనిషి ఇంటికి ఉత్తరంగా వెళ్లింది.

మొదట అందరూ ఆ ఉద్యోగినినే అన్నారు. సరిగ్గా కాపీ చేసి ఉండదు, కీ గట్టిగా నొక్కి ఉండదు అని. తర్వాత ఇంకో ఆఫీసు నుంచి అలాంటిదే వచ్చింది, ఆ తర్వాత మరొకటి. ఇక మా రెండు టీమ్‌ల మధ్య బంతి ఆట మొదలైంది. పాత స్క్రీన్ల వాళ్లు మాది కాదన్నారు. మా వాళ్లూ మాది కాదన్నారు.

నేను కూర్చుని దాని అంతు చూశాను. ఎక్కడైనా ఏదైనా కాపీ చేస్తే, కాపీ చేసింది పేస్ట్ చేసేదాకా ఉండే క్లిప్‌బోర్డ్‌లోకి కొత్త సరుకు వచ్చిందని కంప్యూటర్ మా ప్రోగ్రామ్ ప్రధాన విండోకి కబురు పంపుతుంది. ఆ విండో పాత టూల్‌కిట్‌ది. కబురును లోపలున్న మా స్క్రీన్‌కి అది చేరవేయాలి. కానీ కొన్ని డైలాగ్ బాక్సులు తెరిచి ఉన్నప్పుడు చేరవేయకుండా తనే మింగేస్తోంది. కొత్తది వచ్చిందని తెలియని మా స్క్రీన్, తను దాచుకున్న పాతదాన్నే పేస్ట్ చేస్తోంది. మా స్క్రీన్ అలా దాచుకోకుండా ఉంటే బాగుండేది, కాదనను. కబురు ఆగిపోతున్నది మాత్రం వాళ్ల దగ్గరే. అది కళ్లకు కట్టేలా ఒక చిన్న టెస్ట్ ప్రోగ్రామ్ రాశాను.

ఆదివారం పెసరట్లు తింటూ ల్యాప్‌టాప్ ఆయన ముందు పెట్టాను. ఒక చేత్తో తింటూనే, రెండో చేత్తో తనే కాపీ చేశాడు, పేస్ట్ చేశాడు, మళ్లీ చేశాడు.

“అవును. మా దగ్గరే ఆగుతోంది,” అన్నాడు.

“రేపు మీటింగ్‌లో నువ్వే చెప్పు. నేను చెప్తే మొగుడి తప్పు బయటపెట్టినట్టుంటుంది.”

“చెప్తాలే. ఇంకో అట్టు వెయ్యి.”

మర్నాడు మీటింగ్‌లో రెండు టీమ్‌లూ ఉన్నాయి, ఇద్దరు మేనేజర్లూ ఉన్నారు. ఆయన వంతు వచ్చింది. చెబుతాడని నేను తేలిగ్గా కుర్చీలో వెనక్కి వాలాను.

“మేం మొత్తం చెక్ చేశాం. మా వైపు అంతా సరిగ్గానే ఉంది. క్లిప్‌బోర్డ్‌లోకి సరైన టెక్స్టే వెళ్తోంది. పేస్ట్ చేసేది వాళ్ల స్క్రీన్ కదా,” అన్నాడు, తడబాటు లేని ఇంగ్లీషులో.

నేను విన్నది నిజమేనా అనిపించింది. నా వైపు చూస్తాడేమోనని చూశాను. చూడలేదు. ల్యాప్‌టాప్ పెద్ద తెరకు తగిలించి నా టెస్ట్ నేనే చూపించాను. కబురు రావడం, ఆగిపోవడం అందరికీ కనబడింది. ఆయన మేనేజర్ ఆయన వైపు తిరిగి, “ఇది నువ్వు ముందే చూశావా?” అని అడిగింది.

“లేదు, ఇప్పుడే చూస్తున్నాను,” అన్నాడు. “అయినా ఇది ఆమె సొంతంగా రాసుకున్న ప్రోగ్రామ్. అసలు ప్రోడక్ట్‌లో ఇలా అవుతుందని చెప్పలేం.”

మా మేనేజర్, పాపం నవ్వించాలనే కాబోలు, “ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారుగా, బ్రేక్‌ఫాస్ట్ దగ్గర తేల్చుకోలేకపోయారా?” అన్నాడు. అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వుతో నా టెస్ట్ మొగుడూపెళ్లాల తగువైపోయింది.

సాయంత్రం కార్‌లో అడిగాను. “నిన్న ఒప్పుకున్నావు కదా?”

“ఇంట్లో ఒప్పుకోవడం వేరు, మీటింగ్‌లో ఒప్పుకోవడం వేరు.”

“అబద్ధం చెప్పావు. నా మొహం ముందే.”

సిగ్నల్ దగ్గర బ్రేక్ వేసి, చిన్నపిల్లకు నచ్చజెప్పినట్టు మొదలుపెట్టాడు. “నువ్వు కొంచెం ప్రాక్టికల్‌గా ఆలోచించు. ఈ క్వార్టర్‌లో ఏదో ఒక టీమ్‌ని కట్ చేస్తారని అందరికీ తెలుసు. నా గ్రీన్‌కార్డ్ ప్రాసెస్ మధ్యలో ఉంది. నా జాబ్ పోతే అదీ పోతుంది, ఎప్పటికైనా ఇద్దరం బ్యాగులు సర్దుకోవాల్సిందే. నీ జాబ్ పోతే? నా భార్యగా హెచ్-ఫోర్ వీసాకి మారతావు. అంతే కదా.”

అంతే కదా. ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతులో కోపం లేదు, సంకోచం లేదు. ఆదివారం నా అట్టు తింటూనే ఈ లెక్క వేసేశాడని అప్పుడు అర్థమైంది. నన్ను అడగాలని మాత్రం తోచలేదు. అడిగి ఉంటే నేనూ సరేనని ఉండేదాన్నేమో. ఆ మాట ఆయనతో అంటే, “మరి ఇంకేం?” అన్నాడు.

కొత్త స్క్రీన్ల ప్రాజెక్ట్ ఆపేసి, మా టీమ్‌ని తీసేశారు. నా డెస్క్ మీది మగ్గు, చిన్న కలబంద మొక్క అట్టపెట్టెలో పెట్టుకుని, అదే కార్‌లో అదే సీట్‌లో కూర్చుని ఇంటికొచ్చాను. ఆయన దారిలో ఆగి నాకిష్టమని మామిడి లస్సీ కొన్నాడు. నేను తాగలేదు. కప్ హోల్డర్‌లోనే వెచ్చబడిపోయింది.

అప్పటికే వాడకంలో ఉన్న మా స్క్రీన్లు ఆయన టీమ్‌కే అప్పగించారు. కొన్నాళ్లకు ఆయన ఆ బగ్ ఫిక్స్ చేశాడు. ఏం చేశాడో నేను అడగలేదు, అడగక్కర్లేదు కూడా. కంపెనీ మొత్తానికి మెయిల్ వచ్చిందట, ఎవరికీ అంతుపట్టని సమస్యను పట్టుకున్నాడని. ఆ శనివారం ఫ్రెండ్స్ ఇంట్లో పాట్‌లక్, తలా ఒక వంటకం పట్టుకెళ్లాలి. పులిహోర గిన్నె బల్ల మీద పెడుతుంటే ఆ ఇంటాయన, “ఏమ్మా, మీవారు మామూలోడు కాదు! మొత్తం టీమ్ చూసినా దొరకని బగ్ ఈయన పట్టాడంట,” అన్నాడు.

“అవునండీ, ఆయనకి ముందునుంచీ తెలుసు,” అన్నాను.

ఆ ఇంటాయన దాన్ని పొగడ్తే అనుకున్నాడు. మా ఆయనకు అర్థమైంది. గరిటె అందుకుని తన ప్లేటులోకి వడ్డించుకున్నాడు, నా వైపు చూడకుండా.

హెచ్-ఫోర్ మీద పనిచేసే అనుమతి లేక చాలాకాలం ఇంట్లో ఉన్నాను. పొద్దున ఆయన ఒక్కడే వెళ్లేవాడు. గ్యారేజ్ తలుపు దిగే చప్పుడు విని, నేను గిన్నెలు కడిగేదాన్ని. నేను ఏడిస్తే, ఉద్యోగం పోయినందుకని ఆయన అనుకునేవాడు, ఓదార్చేవాడు కూడా. “ఓపిక పట్టు, గ్రీన్‌కార్డ్‌కి పెట్టిన నా ఐ-వన్‌ఫార్టీ అప్రూవ్ అయితే నీకు వర్క్ పర్మిట్ వస్తుంది,” అనేవాడు. ఆ మాటలో ప్రేమ లేదని నేను చెప్పలేను. ఆ మీటింగ్ సంగతి మాత్రం ఎప్పుడూ ఎత్తలేదు. ఒకసారి నేనే ఎత్తితే, “ఇంకా అదేనా?” అన్నాడు, నిజంగా ఆశ్చర్యపోయి.

అప్రూవ్ అయింది. వర్క్ పర్మిట్ వచ్చింది. ప్లేనోలో ఒక చిన్న కంపెనీలో చేరాను. నాకో పాత కారు కొనుక్కున్నాను. ఎవరి దారి వాళ్లదే, సాయంత్రం ఒకే ఇంటికి వస్తాం. కూరలో ఉప్పు గురించి మాట్లాడుకుంటాం, తేవాల్సిన సరుకుల గురించి మాట్లాడుకుంటాం. నా పని గురించి ఆయనకు చెప్పను. ఆయన చెప్పబోతే లేచి వెళ్లిపోను, అలాగని వినను కూడా.

పర్మిట్ కార్డ్ మెయిల్‌బాక్స్‌లోంచి తెచ్చిన రోజు కవర్ నా చేతిలో పెట్టి, “చూశావా, నేను చెప్పినట్టే అయింది కదా?” అన్నాడు. నిజమే, అచ్చంగా అలాగే అయింది. ఎక్కడా ఒక్క ముక్క తప్పలేదు. నాకు మింగుడుపడనిదీ అదే. అతను చెప్పినది తప్పని తేలి ఉంటే, ఈపాటికి క్షమించేదాన్నేమో.