లచ్చమ్మ నేర్పిన ఈత

నలభై మూడేళ్లు విశాఖపట్నంలో బతికినా నాకు ఈత రాలేదు. కెరటం మోకాలు దాటితే వెనక్కి వచ్చేసేదాన్ని. చివరికి ఈత నేర్చుకున్నది సముద్రానికి ఎంతో దూరాన, టేకులపల్లి అడవిలో.

ఆఫీసు పని మీద అక్కడ వారం రోజులున్నాను. నాకు బస ఇచ్చిన లచ్చమ్మకు అరవై ఏళ్లుంటాయి. బీడీలు చుట్టే తునికాకు కోసుకొచ్చాక రోజూ వాగు మడుగులో ఈదేది. రెండో రోజు నన్నూ రొమ్ములోతు నీళ్లలోకి దింపింది.

"కాళ్లు కొట్టుడు తర్వాత బిడ్డా. ముందు మునిగి, అడుగున కూసొని ఒక రాయి తీస్కరా" అంది.

ఊపిరి బిగబట్టి మునిగాను. కూర్చుందామంటే నీళ్లు నన్ను పైకి నెట్టేశాయి. మళ్లీ మునిగినా అంతే.

"రాయి అందట్లేదు పెద్దమ్మా."

"అందదు. నీళ్లు ముంచుతయని గదా నీ భయం? నువ్వు మునుగుతనన్నా అవి మునగనిస్తలేవు, చూడు."

నాకు నవ్వొచ్చింది. ఆమెకెవరు నేర్పారని అడిగాను.

"మా అత్త. నేను బొగ్గు తవ్వే బాయి కాలనీ పిల్లను, నాకేం ఈత వస్తది? పెండ్లయిన ఏడే, వానలు పడకముందే నేర్పింది. వాగు దాటి చేనుకు పోవాలె గద."

అత్తలు కోడళ్లకు వంట నేర్పడం విన్నాను గాని, ఈత నేర్పడం ఎన్నడూ వినలేదు.

ఆ తర్వాత రోజూ నాకు కాళ్లూ చేతులూ కొట్టడం నేర్పింది. బయలుదేరే ముందు రోజు ఆ చిన్న మడుగును ఒంటరిగా ఈది అవతలి ఒడ్డు పట్టుకున్నాను. ఇవతల బట్టలు పిండుతున్న లచ్చమ్మ మెచ్చుకుంటుందని చూశాను.

"అవ్, పోయినవ్. మరి ఇంటికి రావా?" అంది.

ఈదుకుంటూనే వచ్చాను.