నీలం గేటు స్కూలు

మా తోడికోడలి పిల్లకి మస్కట్‌లో స్కూలు వెతికిపెట్టింది నేనే. మా ఊళ్ళో ఇప్పటికీ ఈ మాట అంటారు, మెచ్చుకోలుగానే అంటారు. అన్నప్పుడల్లా నేను నవ్వి ఊరుకుంటాను. అసలేం జరిగిందో తెలిసినవాళ్ళం ఇద్దరమే, నేనూ తనూ.

అమలాపురానికి దగ్గర్లోనే మా ఇల్లు. మేమొక వాటాలో, వాళ్ళొక వాటాలో ఉండేవాళ్ళం. మా ఆయన కొబ్బరితోటా వరిచేలూ చూసుకుంటారు. మా మరిది పెళ్ళికి ముందునుంచీ గల్ఫ్‌లోనే, ఏడాదికో నెల వచ్చి వెళ్ళేవాడు. నేను అమలాపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో అప్పటికి పన్నెండేళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్నాను. తోడికోడలిది ఆత్రేయపురం. ఇంటర్ తప్పాక చదువు మానేసి, పెళ్ళయ్యేదాకా వాళ్ళమ్మతో కలిసి పూతరేకులు చేసింది. మా ఇద్దరి కూతుళ్ళకీ ఎనిమిది నెలలు తేడా, నాదే పెద్దది. ఇద్దరూ మా స్కూల్లోనే, ఒకే క్లాసులో చదివేవాళ్ళు. అప్పటికి నాలుగో తరగతి. నా కూతురు ఎప్పుడూ ఫస్టు. తన కూతురు ఎక్కడో మధ్యలో ఉండేది, దాని గురించి వాళ్ళమ్మ పెద్దగా దిగులు పడేది కాదు.

ఆ ఏర్పాటు నాకు చాలా నచ్చేది. ఇంటికి ఇంగ్లీషు కాగితం ఏది వచ్చినా, ఏ దరఖాస్తు నింపాల్సి వచ్చినా తను నా దగ్గరకే వచ్చేది. నేను పెద్దదాన్ని, చదువుకున్నదాన్ని, ఉద్యోగం చేస్తున్నదాన్ని. ఆ మూడింటిలో ఏదీ నా చేతిలోంచి ఎవరూ తీసుకుపోలేరనుకున్నాను.

ఒక శనివారం మధ్యాహ్నం నేను వరండాలో పేపర్లు దిద్దుతుంటే తను వచ్చి మెట్టు మీద కూర్చుంది.

"అక్కా, ఆయనకి ఫ్యామిలీ వీసా వచ్చిందండి. కంపెనీవాళ్ళు ప్రమోషన్ ఇచ్చేరంట. మమ్మల్ని తీసుకెళ్తానంటున్నారు."

"మంచిదే కదమ్మా" అన్నాను. ఎర్రపెన్ను మూత పెట్టి, మళ్ళీ తీశాను.

"పాపకి స్కూల్లో సీటు ఖాయమయ్యాకే టికెట్లు తీస్తారంట. అయ్యన్నీ నాకేం తెలుస్తాయండి. మీరే చూసి చెప్పాలి."

ఆ రోజు దిద్దిన పేపర్లలో పిల్లలకి మార్కులు తక్కువ పడ్డాయి. సోమవారం మళ్ళీ చూసి కొన్ని పెంచాల్సి వచ్చింది.

మరిది రెండు స్కూళ్ళ వివరాలు నా ఫోన్‌కి పంపాడు. ఒకటి మన దేశపు సిలబస్‌ది. పెద్ద భవనం, బారులు తీరి నిలబడ్డ పిల్లలు, గోడ మీద టాపర్ల ఫోటోలు. చూస్తే మా స్కూలే కాస్త రంగు వేసుకుని అక్కడికి వెళ్ళినట్టుంది. దాన్ని చూస్తే నాకేమీ అనిపించలేదు. రెండోది అంతర్జాతీయ స్కూలు. నీలం రంగు గేటు, లోపల చిన్న చిన్న గదులు. పిల్లలు గుండ్రటి బల్లల చుట్టూ కూర్చున్నారు. ఒక గదిలో తివాచీ మీద పుస్తకాలు పరిచి ఉన్నాయి, పిల్లల మధ్య ఒక టీచరు నేల మీదే కూర్చుని ఏదో వింటోంది. చెప్పడం లేదు, వింటోంది. ఆవిడకి సుమారు నా వయసే ఉంటుంది.

నా క్లాసులో యాభై రెండు మంది. నేను నేల మీద కూర్చుంటే వెనక బెంచీలవాళ్ళకి కనబడను. ఆ ఫోటో ఎంతసేపు చూశానో. నా కూతురు అలాంటి గదిలో కూర్చోదన్న బాధ ఒకటి, నేను అలాంటి గదిలో పాఠం చెప్పనన్న బాధ ఇంకొకటి. రెండూ కలిసిపోయి, పక్కవాటాలో బట్టలు మడతపెట్టుకుంటున్న తోడికోడలి మీద కోపంలా మారాయి. తను నన్నేమీ చేయలేదు. అది నాకు తెలుసు. తెలిసినా కోపం తగ్గలేదు.

దరఖాస్తు నింపడానికి తనని పిలిచాను. నీలం గేటు స్కూలు ఫారంలో పిల్ల గురించి తల్లిని అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఏం చేస్తుంటే మీ అమ్మాయికి టైము తెలియదు, దేనికి భయపడుతుంది, బాధ కలిగితే ఎలా తేరుకుంటుంది. తెలుగులో చదివి వినిపించాను. తను ఆలోచించనైనా లేదు.

"మా అమ్మావాళ్ళింట్లో పూతరేకులకి కుండ మీద గుడ్డ లాగుతుంటే దానికి టైము తెలీదండి. పొయ్యి దగ్గర్నుంచి లేవదు. భయమంటే, క్లాసులో కుర్చీ గట్టిగా జరిపిన చప్పుడుకి భయపడుద్ది. ఏడిస్తే ఊరుకోబెట్టకూడదండి, పక్కన కూర్చుంటే చాలు. దానంతటదే మాట్లాడుద్ది."

నేను మాత్రం ఫారంలో 'కథల పుస్తకాలు చదవడం ఇష్టం' అని రాశాను. కుండలూ పొయ్యిలూ రాస్తే వాళ్ళేమనుకుంటారో అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అసలు కారణం వేరు. అవే ప్రశ్నలు నా కూతురి గురించి అడిగితే నా దగ్గర జవాబు లేదు. మార్కులు తప్ప ఏదీ గుర్తుకు రాలేదు.

ఫారం ముగించి, "ఈ స్కూలు మనలాంటివాళ్ళకి కాదమ్మా" అన్నాను. "తెలుగు ఉండదు. రేపు ఇంటర్‌కి ఇక్కడికి వస్తే పిల్ల ఇబ్బంది పడుతుంది. ఆ మన సిలబస్‌దే నయం."

"ఆయ్, మీరెలాగంటే అలాగేనండి" అంది తను.

నేను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఏ తల్లిదండ్రులైనా ఆలోచించాల్సిన విషయమే. కానీ నేను దాన్ని ఆలోచించి చెప్పలేదు, వాడుకున్నాను. మరిది మాత్రం ఫోన్‌లో, "వదినగారూ, రెండింటికీ పెట్టేయండి, ఏది వస్తే అది చూద్దాం" అన్నాడు. పెట్టాను. తనకి మెయిల్ చూడటం రాదు కాబట్టి రెండు చోట్లా నా మెయిలే ఇచ్చాను.

సోమవారం మధ్యాహ్నం, స్టాఫ్ రూములో క్యారేజీ విప్పుతుండగా మెయిల్ వచ్చింది. నీలం గేటు స్కూలువాళ్ళు. వచ్చే ఆదివారం వీడియోలో పిల్లతో మాట్లాడతారట. అక్కడ ఆదివారం పనిరోజు. వీలవుతుందో లేదో గురువారం లోపల తెలియజేయమన్నారు. రెండుసార్లు చదివాను. తరవాత దాన్ని చదవని మెయిల్‌గా మార్చేసి అన్నం తిన్నాను. అలా మార్చే వీలు ఫోన్‌లో ఉందని నాకు అంతకు ముందు తెలియదు. ఆ క్షణంలో వేలు దానంతటదే వెతుక్కుంది.

మంగళవారం మరిది ఫోన్ చేశాడు. "ఏవైనా కబురు తెలిసిందాండీ?"

"ఇంకా ఏమీ రాలేదు" అన్నాను. గొంతు మామూలుగానే ఉంది.

బుధవారం స్కూలు నుంచి వచ్చేసరికి పిల్లలిద్దరూ వెనక అరుగు మీద కొత్త స్కూలు ఆట ఆడుతున్నారు. నా కూతురు టీచరు. ఆ ఫోటో అదీ చూసినట్టుంది, నేల మీద కూర్చుంది. చెల్లెల్ని ఇంగ్లీషులో ఏవో అడిగింది. తరవాత చెల్లెలు, "ఇప్పుడు నేనడుగుతాను. నీకు దేనికి భయం?" అంది.

"ప్రోగ్రెస్ కార్డులిచ్చే రోజంటే."

"నీకు ఫస్టే కదా వస్తది?"

"అందుకే" అంది నా కూతురు.

నేను కిటికీ దగ్గర నిలబడి విన్నాను. ఇంకొకరైతే అక్కడే మనసు మార్చుకునేవారేమో. నేను మార్చుకోలేదు. పక్కవాటా పిల్లకి భయం లేకుండా పెరిగే అదృష్టం కూడా ఉందా అనిపించింది. ఆ స్కూల్లో చేరకముందే ఆ స్కూలు పిల్లలా ఉందది. గురువారం గడిచిపోయింది. ఆ సాయంత్రం తోడికోడలు మల్లెపూలు తెచ్చి సగం నాకిచ్చింది. పెట్టుకున్నాను.

శుక్రవారం పొద్దున్న మరిది మళ్ళీ చేశాడు. మన సిలబస్ స్కూలుకి తనే వెళ్ళి కనుక్కున్నాడట. ఐదో తరగతిలో ఖాళీలు లేవన్నారట. "ఆ రెండోదీ రాలేదు కాబట్టి ఈ ఏడాదికి ఆగుదాంలెండి వదినగారూ. వచ్చే ఏడాది చూద్దాం" అన్నాడు. ఫోన్ స్పీకరులో ఉంది. తోడికోడలు పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఒలవడం ఆపలేదు. కాసేపటికి లేచి లోపలికి వెళ్ళింది. కొత్తగా కొన్న పెద్ద సూట్‌కేసు తలుపు పక్కనుంచి తీసి మంచం కిందకి తోయడం కనిపించింది. అది సరిగ్గా పట్టలేదు. మళ్ళీ బయటికి లాగి, అడ్డంగా తిప్పి తోసింది. పదేళ్ళుగా ఏడాదికో నెల మొగుడితో ఉన్న మనిషి. ఆ సంగతి అప్పటిదాకా నా లెక్కలోకే రాలేదు.

నాకు కావలసిందే జరిగింది. సంతోషం కోసం చూశాను, రాలేదు. ఆ రోజు స్కూల్లో మొదటి పీరియడ్ ఖాళీ. స్టాఫ్ రూములో కూర్చుని నీలం గేటువాళ్ళకి రాశాను. మెయిల్ ఆలస్యంగా చూశాననీ, తప్పు నాదనీ, పిల్లకి ఇంకొక అవకాశం ఇవ్వమనీ. నా ఇంగ్లీషంతా ఆ పది వాక్యాల్లో పెట్టాను. శుక్ర, శనివారాలు అక్కడ సెలవు. ఆ రెండు రోజులూ నాకు అన్నం సహించలేదు. ఆదివారం జవాబు వచ్చింది. మరుసటి ఆదివారం మాట్లాడతామన్నారు. తోడికోడలికి ఆ జవాబు మాత్రమే చూపించాను. తను ఫోన్ రెండు చేతులతో పట్టుకుంది, చదవలేకపోయినా.

వారం రోజులు పిల్లకి నేనే నేర్పాను. నా హాబీ పుస్తకాలు చదవడం, నాకు ఇష్టమైన సబ్జెక్టు ఇంగ్లీషు, అన్నీ అప్పజెప్పించాను. ఆదివారం మా ముందుగదిలో లాప్‌టాప్ పెట్టాం. తెర మీదకి వచ్చింది ఆ ఫోటోలోని టీచరే. మంచి మాట, నెమ్మదైన మాట. నీకు బాగా చేయడం వచ్చిన పని ఏదైనా నాకు నేర్పుతావా అని అడిగింది. పిల్ల నావైపు చూసింది. పుస్తకాలు అని పెదాలు కదిపాను. అది తల తిప్పేసుకుని పూతరేకు గురించి మొదలుపెట్టింది. కుండ బోర్లించాలి, కింద ఎండు కొబ్బరాకులు మండించాలి, గుడ్డని పల్చటి బియ్యప్పిండిలో ముంచి కుండ మీద ఒక్కసారే లాగాలి. ఇంగ్లీషు మాట దొరకని చోటల్లా చేత్తో గాలిలో చేసి చూపించింది. క్రియలన్నీ తప్పులే. టీచరు బుగ్గన చెయ్యి పెట్టుకుని విన్నది, రెండోసారి చూపించమంది. తనూ గాలిలో చెయ్యి లాగి, ఇలాగేనా అని అడిగింది. పిల్ల, కాదు, ఇంకా తొందరగా, లేకపోతే మాడిపోతుంది అంది. ఇద్దరూ నవ్వుకున్నారు.

పన్నెండేళ్ళలో ఏ పిల్లా నాకు ఏదీ నేర్పలేదు. నేను అడగలేదు కూడా.

సీటు వచ్చింది. ఆ శనివారం తోడికోడలు వాడపల్లి వెంకన్న దర్శనానికి వెళ్ళి, సాయంత్రం ప్రసాదం పట్టుకుని మా వాటాలోకి వచ్చింది. "మీ పేరు మీద కూడా అర్చన చేయించానండి. మీరు లేకపోతే మాకీ సీటెక్కడిది" అంది.

అర్చన అనకపోయి ఉంటే ఏం చేసేదాన్నో. ఆ మాట వినలేకపోయాను. కూర్చోబెట్టి చెప్పేశాను. మెయిల్ సోమవారమే వచ్చిందనీ, చూసి కూడా దాచి, శుక్రవారం దాకా వాళ్ళకి రాయలేదనీ.

"నాలుగు రోజులా అక్కా?" అంది.

"ఆయ్" అన్నాను.

"మరి శుక్రవారం ఎందుకు రాసేరండి?"

సూట్‌కేసు సంగతి చెబుదామనుకున్నాను గానీ అది నన్ను నేను మంచిదాన్ని చేసుకోవడంలా ఉంటుందనిపించి ఊరుకున్నాను. తను ప్రసాదం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. రెండు రోజులు మాట్లాడలేదు. మా ఆయన, ఏమైందని అడిగితే, పిల్లల గొడవ అని చెప్పాను. మూడో రోజు వీసా కాగితాలతో వచ్చింది, రాక తప్పదు కాబట్టి. ఫారం నింపడం అయ్యాక లేవబోయి ఆగింది.

"మెయిల్ చూడటం నాకు నేర్పండి అక్కా" అంది.

రెండు మధ్యాహ్నాల్లో నేర్చేసుకుంది. అంత తొందరగా వస్తుందని నేననుకోలేదు.

వాళ్ళు వెళ్ళి రెండేళ్ళయింది. రాజోలు నుంచీ కొత్తపేట నుంచీ కూడా గల్ఫ్ వెళ్ళేవాళ్ళు స్కూళ్ళ ఫారాలు పట్టుకుని నా దగ్గరకి వస్తుంటారు. పిల్ల గురించి తల్లి ఏం చెబితే అదే రాస్తాను. నా కూతురు ఆరో తరగతికి వచ్చింది. ఈమధ్య ఒకసారి ఐదో ర్యాంకు తెచ్చుకుంది. కార్డు మీద సంతకం పెట్టి ఇచ్చేశాను. ఏమీ అనకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డానో అది గమనించిందో లేదో తెలియదు.

అసూయ పోయిందని చెప్పలేను. మొన్న తోడికోడలు ఫోన్‌లో చాలాసేపు మాట్లాడింది. పిల్ల బడికీ, ఆయన పనికీ వెళ్ళిపోయాక ఫ్లాటులో తనొక్కతే అట. పలకరించే మనిషి లేదట. తలుపు తీస్తే ఎదురుగా ఇంకొక మూసిన తలుపేనట. "మన అరుగు గుర్తొస్తుందండి" అంది. ధైర్యం చెప్పాను, అలవాటైపోతుందన్నాను. ఆ మాటలన్నీ మనసులోంచే వచ్చాయి. కానీ తను అలా చెబుతున్నంతసేపూ నా గుండెల్లో బరువేదో కొంచెం దిగినట్టు హాయిగా ఉంది. అది నాకు స్పష్టంగా తెలిసింది. ఫోన్ పెట్టేశాక కూడా కాసేపు అలాగే ఉంది.