ముడిపడ్డ ముందు చక్రాలు, మొద్దుబారిన నా చేయి

ఆ రోజు ఆబిడ్స్ సర్కిల్ దగ్గర గన్‌ఫౌండ్రీ వైపు జీపు తిప్పుతుంటే నా కుడిచేతి బొటనవేలు ఉందో లేదో తెలియలేదు. కళ్లతో చూసి, స్టీరింగ్ మీదే ఉందని రూఢి చేసుకున్నాను. పక్కన మా కాంట్రాక్టరు సుబ్బారావుగారు కూర్చుని ఉన్నారు. ఆయన గమనించారేమోనని ముందు ఆయన ముఖం చూశాను, ఆ తరువాతే రోడ్డు చూశాను. చెయ్యి బాగాలేదని తెలిస్తే తాళాలు ఇంకొకరికి పోతాయి. మా వృత్తిలో అందరం ఇలాగే దాచుకుంటాం.

మాది నల్గొండ వైపు పల్లె. పెళ్లయ్యాక నాంపల్లిలో ఒక గది కిరాయికి తీసుకుని డ్రైవరీ చేసేవాణ్ణి. సుబ్బారావుగారికి ఊరి బయట రాళ్ల క్వారీ, ఆబిడ్స్‌లో ఆఫీసు ఉండేవి. జీపు మిలిటరీ వాళ్లు వేలంలో అమ్మేసిన పాత బండి. లివర్ వేస్తే ముందు చక్రాలు కూడా లాగుతాయి. అయినా వానాకాలం క్వారీ ఎగుడులో ఒక ముందు చక్రం గాల్లోకి లేచి ఊరికే తిరిగేది, బండి కదిలేది కాదు.

నా బామ్మర్ది కిష్టయ్య అఫ్జల్‌గంజ్‌లో మెకానిక్. అతను ఉపాయం చెప్పాడు. "బావా, రెండు చక్రాల నడుమ ఇరుసుల ఉండే డిఫరెన్షియల్ డబ్బా లోపటి పండ్లు వెల్డింగ్ వేసి కలిపేస్త. రెండు చక్రాలు ఒక్కతీరుగ తిరుగుతయ్. ఎన్క ఇరుసుకు చేస్తే టైర్లు అరిగి సేటు పట్టేస్తడు. ముందుదానికి చేద్దాం. పట్నంల లివర్ తీసేస్తివనుకో, దాంతోని నీకు పనే లేదు."

యజమానికి చెప్పకుండా చేయించాం. జీపు మేకలా గుట్ట ఎక్కింది. సుబ్బారావుగారు నన్ను నలుగురిలో మెచ్చుకున్నారు. నేనూ పొంగిపోయాను.

పట్నంలో మాత్రం స్టీరింగ్ బరువెక్కింది. మలుపు తిప్పుతుంటే చేతిలోంచి గుంజుకుని తిన్నగా అయిపోయేది. నేను బొటనవేలు లోపలికి దూర్చి, మణికట్టు వంచి, పళ్లు బిగబట్టి తిప్పేవాణ్ణి. లివర్ తీసేసి ఉంది కనుక వెల్డింగ్ మీదికి నా ఆలోచనే పోలేదు. కొత్తగా చేరిన రెండో డ్రైవరు అంజయ్య నా మీద పగతో టైర్లలో గాలి తీస్తున్నాడనుకున్నాను.

కొన్నాళ్లకు బొటనవేలు, పక్క రెండు వేళ్లు మొద్దుబారాయి. చొక్కా గుండీలు పట్టేవి కావు. ఇంట్లో రెండు గాజుగ్లాసులు జారి పగిలాయి. మూడోనాడు నా భార్య నర్సమ్మ నాకు ఇత్తడి గ్లాసులో చాయ్ పోసి ఇచ్చింది. వేళ్లకు స్పర్శ పోయిందంటే ఆ రోజుల్లో అందరి నోటా వచ్చే పేరు ఒకటే, కుష్టు.

"నాకు గ్లాసు ఏరు చేసినవా?" అన్నాను.

"పగలనిది ఇచ్చిన. ఏందయ్యా నీ అనుమానం? దవాఖానకు పోదాం నడువు," అంది.

పెద్ద దవాఖానలో డాక్టరమ్మ నా కళ్లు మూయించి దూదితో రాసింది, సూదితో గుచ్చింది. ఒళ్లంతా వెతికింది. "ప్యాచెస్ లేవు. చిటికెనవేలు బాగానే ఉంది. ఇది లెప్రసీ కాదు," అంది. బ్లడ్ షుగర్ చూశారు, మెడకు ఎక్స్‌రే తీశారు. రెండూ నార్మల్. "మీడియన్ నర్వ్ కంప్రెషన్. మణికట్టులో నరం నలుగుతోంది. కార్పల్ టన్నెల్ అంటాం," అని చీటీ రాసిచ్చింది.

నేను నమ్మలేదు. రోగి బెదరకుండా నోటితో ఒకటి చెప్పి, కాగితం మీద ఇంకొకటి రాస్తారని విన్నాను. ఆ చీటీని హిమాయత్‌నగర్ దాకా తీసుకుపోయి, నన్నెరగని మందుల షాపులో చదివించుకున్నాను. అతనూ ఆ మాటే చదివాడు. ఇతనికీ జాలి కలిగిందేమో అనుకున్నాను.

మరుసటిసారి డాక్టరమ్మ ఒక స్టీలు ట్రే నా చేతికిచ్చింది. "ఇది స్టీరింగ్ అనుకో. ఎట్లా తిప్పుతావో చూపించు." చూపించాను. "ఇంత బలం పెట్టాలా? జీపులన్నీ ఇంతేనా?"

"ఔనమ్మా, అన్నీ గింతే," అన్నాను. ఆమెతో సుబ్బారావుగారే ఆరా తీయిస్తున్నారేమోనని నా భయం. ఆమె ఆయన్ను జన్మలో చూసి ఉండదు.

మణికట్టు వంగకుండా స్ప్లింట్ పట్టీ కట్టి, అక్కడే ఇంజెక్షన్ ఇచ్చి, "మూడు వారాలు డ్రైవింగ్ వద్దు," అంది. చేతికి హాయిగా అనిపించింది. కానీ ఊరికని చెప్పి సెలవు పెట్టినందుకు తాళాలు అంజయ్య దగ్గరున్నాయి. ఎనిమిదో రోజే స్ప్లింట్ విప్పి పనికి పోయాను. నెల తిరక్కముందే నొప్పి మొదలై మోచేతి దాకా పాకింది. బొటనవేలి కింద కండ గుంటపడింది. డాక్టరమ్మ కళ్లజోడు తీసేసి, "మజిల్ వేస్టింగ్ మొదలైందయ్యా. ఇక ఆపరేషనే," అంది. నర్సమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది.

లోకల్ అనస్థీషియా ఇచ్చి కోశారు. నొప్పి లేదు, కత్తెర చప్పుడు మాత్రం వినిపించింది. కుట్లు విప్పేదాకా ఇంట్లోనే ఉన్నాను. జీపు అంజయ్య నడుపుతున్నాడని తలచుకుంటేనే ఒళ్లు మండేది.

ఒక ఆదివారం అతనే వచ్చాడు. నేను మళ్లీ పనిలోకి వస్తానో రానో చూసిపోవడానికి వచ్చాడనుకుని ముఖం ముడుచుకున్నాను. అతను గుమ్మం దగ్గరే కూర్చుని కుడిచెయ్యి చాచాడు.

"అన్నా, గా జీపు నడుపుతుంటె నా ఏళ్లు తిమ్మిరెక్కుతున్నై. నీకు గిట్లనే షురువయ్యిందా? సేటుకు జర చెప్పకు. కొత్త నౌకరి."

సిగ్గుతో తల వంచుకున్నాను.

ఇద్దరికీ ఒకే తిమ్మిరంటే తప్పు బండిలోనే ఉందని మర్నాడు కిష్టయ్యను ఆఫీసు దగ్గరికి పిలిపించాను. లివర్ తీసేసే ఉంది. జాకీతో ముందు చక్రాలు రెండూ లేపి ఒకదాన్ని చేత్తో తిప్పాడు. రెండోది కూడా అదే వైపు తిరిగింది. అతని ముఖం పాలిపోయింది. "లివర్ తీసినా గివి ముడివడే ఉన్నై బావా. మలుపుల బయటి చక్రం ఎక్కువ తిరగాలె, తిరగనిస్తలేదు. గా జోరంత చేతుల మీద పడ్డది. నేను ఇంత దూరం సోంచాయించలే."

అప్పుడే మేడెక్కి సుబ్బారావుగారికి అంతా చెప్పాను. ఆయన, "బండి గుట్టెక్కుతోందని ఊరంతా నీ గురించి గొప్పగా చెప్పుకున్నానయ్యా. ఇద్దరి చేతులు పణంగా పెట్టి ఎక్కించావా?" అన్నారు. డిఫరెన్షియల్ మార్పించారు. నన్ను తీసేయలేదు గాని ఆరునెలలు స్టీరింగ్ ముట్టనివ్వలేదు. క్వారీలో లారీలకు దారి చూపే పనిలో పెట్టారు. అంజయ్య చెయ్యి స్ప్లింట్‌తోనే నయమైంది.

ఇప్పుడు సుబ్బారావుగారి కారు నేను నడుపుతున్నాను. బొటనవేలి కింద గుంట పూడలేదు. చలికాలంలో గుండీలు నర్సమ్మే పెడుతుంది.

చేతులతో బతికేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. డాక్టరు ఏం పని చేస్తావని అడిగితే, పనితోపాటు పనిముట్టు సంగతి కూడా చెప్పండి. దానికి ఎవరికీ తెలియకుండా చేయించిన మార్పు ఉంటే అదే ముందు చెప్పండి. నేను భార్యను, డాక్టరమ్మను, యజమానిని, అందరినీ అనుమానించాను. నిజానికి అనుమానించాల్సిన మనిషిని నేనే. అంజయ్య మాత్రం నన్ను నమ్మి, నా దగ్గరికే వచ్చి చెయ్యి చాచాడు.