రాతి మీద నల్ల గీత

పోయిన శుక్రవారం పొద్దున కొట్టు షట్టర్ సగం ఎత్తానో లేదో ఫోన్ మోగింది. "అక్కా, మామయ్య పోయారు" అంది చాచా కోడలు. షట్టర్ అలాగే వదిలేసి సందులోకి పరిగెత్తాను. నమాజు చదువుకుని వరండాలో కుర్చీలో కూర్చున్నారట. కోడలు టీ తెచ్చి పిలిస్తే పలకలేదట. నేను వెళ్లేసరికి ఇంకా కుర్చీలోనే ఉన్నారు. కుడిచేతి గోళ్ల సందుల్లో ఆకుపచ్చ రంగు ఉంది. ముందురోజు సాయంత్రం ఏదో బొమ్మ వేసి ఉంటారు.

ఆయన నాకు చుట్టం కాదు. పిడుగురాళ్లలో మా కిరాణా కొట్టు వెనక సందులో వాళ్ల ఇల్లు. ఊరంతా చాచా అనేది, నేనూ చాచా అనేదాన్ని. నలభై ఏళ్లు కొట్లకు బోర్డులు రాశారు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయింది. దానికి ఆయన ఎవరినీ తిట్టగా నేను వినలేదు. "అక్షరాలు చానా రాశాను, ఇంక కొండలు వేస్తా" అని, ఆదివారం పూట మేడ మీద బొమ్మల క్లాసు పెట్టారు. మొదట చేరింది మేం ముగ్గురం. హిందీ టీచరమ్మ, ఒక లారీ మెకానిక్, నేను. అప్పటికి నాకు నలభై మూడు. బ్రష్ పట్టుకోవడం స్కూల్లో డ్రాయింగ్ పీరియడ్ తర్వాత అదే.

మొదటి రోజు నేను కాగితానికి సరిగ్గా మధ్యలో అడ్డగీత గీసి, పైన ఆకాశం, కింద నేల అన్నాను. ఆయన నవ్వలేదు. "ఆకాశం బాగుందా, నేల బాగుందా? ఏది బాగుంటే దానికి ఎక్కువ చోటియ్యి. ఇద్దరికీ సమానంగా పంచటానికి ఇదేమన్నా ఆస్తా?" అన్నారు. కాగితం తడిపి, పెద్ద బ్రష్‌తో ఆకాశాన్ని ఒక్క ఊపున వేయడం, పై నుంచి కిందికి వచ్చేకొద్దీ రంగు పలచన చేయడం ఆ రోజే నేర్పారు. దూరపు కొండకు నీళ్లు ఎక్కువ, రంగు తక్కువ. దగ్గరి పొదకు రంగు ఎక్కువ. ట్యూబులోని నలుపును ముట్టుకోనిచ్చేవారు కాదు. నీలం, గోధుమ కలిపి చీకటి రంగు తయారు చేసుకోమనేవారు. ఆకులు ఒక్కొక్కటీ గీస్తుంటే చేతిలోంచి బ్రష్ లాక్కునేవారు.

అన్నిటికన్నా ఎక్కువగా చెప్పింది చూడటం గురించి. "కళ్లు సగం మూసి చూడు బేటీ. వెలుగు ఎక్కడ, చీకటి ఎక్కడ, ఆ రెంటికీ మధ్యది ఎక్కడ. మూడు దొరికితే చాలు." మొదలుపెట్టగానే నీడల అంచులు పెన్సిల్‌తో గుర్తుపెట్టుకోమనేవారు. ఎండ జరిగినా దాని వెనక పరిగెత్తొద్దని. బొమ్మ వెనక టైము రాయకపోతే ఆ రోజు టీ ఇచ్చేవారు కాదు. మరీ కోపం వచ్చేది మాత్రం కల్పించి వేసినప్పుడు. అందంగా ఉంటుందని నేను ఒకసారి లేని కొబ్బరిచెట్టు వేస్తే, "ఉన్నదే వెయ్యి. ఉంటే బాగుండనుకున్నది నాకొద్దు" అని కాగితం పక్కన పెట్టేశారు. వారం రోజులు మనసు చివుక్కుమంటూనే ఉంది.

రెండేళ్ల కిందట చలికాలంలో ఊరి బయట సున్నపురాయి క్వారీ వెయ్యమన్నారు. తెల్లటి రాయిని తెల్ల కాగితం మీద వేయడం కష్టం, అందుకే అది నేర్చుకోవాలి అన్నారు. గుంతకు ఈ ఒడ్డున కూర్చుంటే ఎదురుగా తాటిచెట్టంత ఎత్తున రాతిగోడ. దాని కింద కూలీలు డ్రిల్లు వేస్తుంటారు. మొదటి ఆదివారం అందరం సగం సగం బొమ్మలు వేసి వచ్చేశాం. రెండో ఆదివారం టీచరమ్మ, మెకానిక్ రాలేదు. నా స్కూటీ మీద చాచాను ఎక్కించుకుని ఎనిమిదింటికే వెళ్లాను. అదే చోటు, అదే టైము.

గంటసేపు వేశాక నా కాగితం చూసి ముఖం చిట్లించారు. "ఏందిది? గోడ పైభాగాన ఈ నల్ల గీత ఏంది? పోయిన వారం లేదుగా."

"అక్కడుంది చాచా."

"నీడేమో."

"ఏమో."

ఆయన సంచిలోంచి పోయిన వారం బొమ్మలు తీశారు. ఆయనదీ నాదీ పక్కపక్కన పెట్టారు. రెంటిలోనూ గీత లేదు. వెనక్కి తిప్పి టైము చూశారు. ఎనిమిది, ఎనిమిది. మళ్లీ గోడ వైపు కళ్లు సగం మూసి చాలాసేపు చూశారు.

"నీ గీత అంచు పెన్సిల్‌తో గుర్తుపెట్టు. పక్కన ఆ గట్టు నీడ కూడా గుర్తుపెట్టు. కదలకుండా కూర్చో."

అలా ఎందుకన్నారో నాకు అర్థమైంది. జరిగితే నీడ, జరగకపోతే పగులు. కింద డ్రిల్లు మోత ఆగడం లేదు. ఇరవై నిమిషాలకు గట్టు నీడ నా పెన్సిల్ గుర్తు దాటి వెనక్కి పోయింది. నల్ల గీత ఉన్నచోటే ఉంది.

"జరిగిందా?" అన్నారు.

"నీడ జరిగింది. గీత జరగలేదు."

ఆయన మడతస్టూలు చంకన పెట్టుకుని లేచారు.

సూపర్‌వైజర్ షెడ్డులో ఉన్నాడు. చాచా బొమ్మలు చూపించి, గోడ పగులుతోంది, మనుషుల్ని పైకి రమ్మను అన్నారు. అతను బొమ్మల వైపు, నా వైపు చూశాడు. "ఏంది సాయిబు గారూ, రంగు బొమ్మ చూసి పని ఆపమంటన్నావా? రేపు బ్లాస్టింగు. ఇయ్యాల హోల్సు అయిపోవాల. పొండి, ఇక్కడ ఉండకూడదు మీరు."

"ఒక్కసారి వచ్చి చూడు నాయనా."

"రోజూ చూసేవాణ్ణి. నువ్వు చెప్పాల్నా నాకు?"

చాచా బొమ్మలు నా చేతిలో పెట్టారు. లారీలు దిగే దారిలో గుంతలోకి నడిచారు. నేను వెనక పరిగెత్తితే చెయ్యి అడ్డుపెట్టి, "నువ్వు పైన ఉండు. గీత మీద నుంచి చూపు తిప్పమాక" అన్నారు. డెబ్బై ఏళ్ల మనిషి రాళ్ల మీద తడబడుతూ వెళ్లి, గోడ మొదట్లో, డ్రిల్లు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు.

నా జీవితంలో అంత భయం ఎప్పుడూ పడలేదు. గోడ కూలుతుందని ఒక భయం. కూలకపోతే ఆయన పరువు పోతుందని ఇంకో భయం. ఆ గీత వేసింది నా చెయ్యి. కొబ్బరిచెట్టు వేసింది కూడా ఈ చెయ్యే.

డ్రిల్లు పట్టుకున్న కూలీ మిషన్ ఆపాడు. అతని పేరు ఏడుకొండలని తర్వాత తెలిసింది. మోత ఆగడంతో మాటలు పైకి వినపడ్డాయి.

"పెద్దాయనా, లెగు. ఇక్కడ కూర్చోకూడదు."

"మీరెందుకు ఉన్నారు మరి?"

"మాకు పని గదా!"

"నాకూ పనే. మీరు పైకి పోతే నేనూ వస్తా."

కాసేపు వాళ్లలో వాళ్లు ఏదో అనుకున్నారు. ఒకడు విసుక్కున్నాడు. చివరికి ఏడుకొండలు ఆయన్ని రెక్క పట్టి లేపాడు. మిగతా ఎనిమిది మందీ వెంట వచ్చారు. దారి మధ్యలో ఒకతను అన్నం క్యారేజీ మర్చిపోయానని వెనక్కి తిరిగితే, చాచా అతని చొక్కా పట్టుకున్నారు. పైకి వచ్చేదాకా వదల్లేదు.

పైకొచ్చాక ఏమీ జరగలేదు. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. సూపర్‌వైజర్ ఫోన్లో ఎవరికో చెప్పి నవ్వుతున్నాడు. క్యారేజీ అతను "ఆకలేస్తంది, నేను పోతన్నా" అన్నాడు. ఇద్దరు అతని వెంట కదిలారు. చాచా తల వంచుకుని స్టూలు మీద కూర్చున్నారు. నేను ఆయన చెప్పినట్టే చూపు తిప్పలేదు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. అప్పుడు గీత కింద నుంచి చారెడు మట్టి జారింది.

"చాచా!" అని అరిచాను. ఆయన అంతకన్నా గట్టిగా "ఆగండ్రా!" అన్నారు. ముగ్గురూ దారి మలుపులో ఆగిపోయారు. గోడ పైభాగం ముందుకు ఒరిగింది. ఎందుకో చాలా నెమ్మదిగా ఒరిగినట్టు గుర్తు. తర్వాత చప్పుడు. ఆ తర్వాత తెల్ల దుమ్ము లేచి, పక్కనున్న మనిషి కూడా కనపడలేదు. దుమ్ములో ఏడుకొండలు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచాడు. ఒక్కొక్కరూ పలికారు. ఎనిమిదో గొంతు వినపడ్డాక అతను అక్కడే కూలబడ్డాడు.

సూపర్‌వైజర్ నెల తర్వాత ఒక సాయంత్రం చాచా ఇంటికొచ్చి, వరండా మెట్టు మీద చాలాసేపు కూర్చుని వెళ్లాడట. ఏమన్నాడని అడిగితే, "మంచినీళ్లు తాగాడు" అన్నారు చాచా, అంతే.

ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు ముఖం మీది దుమ్ము తుడుచుకుందామని సున్నం బట్టీల దగ్గర స్కూటీ పక్కకు ఆపాను. వెనక కూర్చున్న ఆయన మెల్లగా అన్నారు, "బేటీ, ఆ గీత నాకు కనపడలేదు."

నేను వెనక్కి తిరిగాను.

"రెండు కళ్లకూ శుక్లాలు. ఆరు నెలలైంది. దూరంవి ఏవీ తెలియటంలా. ఇంట్లో చెప్పమాక, ఆపరేషనంటే నాకు భయం."

"మరి ఎట్టా దిగారు చాచా? నేను తప్పు చూసి ఉంటే?"

"ఆ కొబ్బరిచెట్టు తర్వాత నువ్వు లేనిది ఒక్కటీ వెయ్యలా. నేను చూశాగా."

వాళ్ల ఇంట్లో నేను ఆ రోజే చెప్పేశాను. కోడలు దగ్గరుండి నరసరావుపేట తీసుకెళ్లి ఆపరేషన్ చేయించింది. చాచా మూడు వారాలు నాతో మాట్లాడలేదు. నాలుగో ఆదివారం మేడ ఎక్కి నా బొమ్మలన్నీ ముందేసుకుని, "ఇంత మురికిగా వేస్తన్నావా ఇన్నాళ్లూ?" అన్నారు. ఆ తిట్టు నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

నేను గొప్ప చిత్రకారిణిని కాలేదు, ఇక కాబోను కూడా. కానీ తూకం వేస్తున్నప్పుడు, మనిషి ముఖంలోకి చూస్తున్నప్పుడు, ఉన్నదేదో నేను ఊహించుకున్నదేదో అని ఒక్క క్షణం ఆగుతాను. అది ఆయన పెట్టిన అలవాటు.

శుక్రవారం మధ్యాహ్నం చాచాను మోస్తూ జనాజా మా కొట్టు ముందు నుంచే మెయిన్ రోడ్డు ఎక్కింది. భుజం మార్చుకునే వాళ్లలో ఏడుకొండలు కనిపించాడు. నేను మెట్ల మీద నిలబడ్డాను. మా రోడ్డు మీద రాళ్ల లారీల రొద ఏ పూటా ఆగదు, కొట్లో మాట వినపడాలంటే అరవాలి. ఆ రోజు ముందున్న లారీ డ్రైవరు జనాజాను చూసి ఇంజన్ కట్టేశాడు. వెనక లారీ కట్టేసింది. దాని వెనకది, ఎదురుగా వచ్చేది. అటు ఇటు లారీలు నిలిచిపోయిన ఆ రోడ్డు మధ్యలో, అంతమంది నడుస్తుంటే, చెప్పుల చప్పుడు ఒక్కటే వినిపించింది.