గుంజితే ఊడే ముడి

మా మామ పోయాడు. నాచారంలో, సొంత ఇంట్లో, పొద్దున చాయ్ తాగి పేపరు అందుకోబోతూ అలాగే పక్కకు ఒరిగిపోయాడట. కొత్త రాష్ట్రం వచ్చిన సంబురం వీధుల్లో ఇంకా సద్దుమణగలేదు. ఫోను చేసింది మా అమ్మ. "తమ్ముడు లేడు బిడ్డా" అని, గొంతు సవరించుకుని, "ఉప్పల్ రోడ్డు మీద మెట్రో గుంతలున్నయ్, లోపలి తొవ్వల రా, పైలం" అంది. భయం ఎక్కువైతే అమ్మకు ఏడుపు రాదు, జాగ్రత్తలు వస్తాయి.

మీలో మా మామను ఎరిగినవాళ్లు చాలా తక్కువ. అమ్మకు తమ్ముడు. ఫౌజులో పారాచూట్లు మడతపెట్టే పని చేసి వచ్చి, మల్లాపూర్‌లో టెంట్లు కుట్టే ఒక కార్ఖానాలో సూపర్‌వైజర్‌గా కుదిరాడు. మనిషి మంచివాడని ఇప్పుడు అందరూ అంటున్నారు. నిజమే కానీ, మాట మాత్రం మిరపకాయ. పెళ్లికి పిలిస్తే పందిరి గుంజలు కదిపి చూసి, వదులుగా ఉన్నాయని పెళ్లివారితో పోట్లాడి వచ్చే రకం.

ఆఫీసు స్నేహితులతో కలిసి నాకు పారాగ్లైడింగ్ పిచ్చి పట్టినప్పుడు ఇంట్లో పెద్ద రభస జరిగింది. రెక్కలాంటి పెద్ద గుడ్డకు తాళ్లతో వేలాడుతూ కొండ మీది నుంచి ఎగరడం ఏమిటని అమ్మ అన్నం మానేసింది. నచ్చజెప్పమని తమ్ముణ్ని పిలిపించింది. ఆయన వచ్చి, నా సామానంతా తిప్పి చూసి, ఒకటే అడిగాడు.

"రిజర్వు ఎవడు మడత పెట్టిండు?"

రిజర్వు అంటే రెండో పారాచూటు. పైన రెక్క గాలిలో ముడుచుకుపోతే మనకు మిగిలే దిక్కు అదొక్కటే. కూర్చునే సీటు పక్కన మూటలా ఉంటుంది. దాని పిడి గుంజి, మూటను బయటికి విసిరితే తెరుచుకుంటుంది. కంపెనీవాళ్లే మడత పెట్టి పంపారని చెప్పాను.

"ఎవడో మొకం ఎరుగనోడు పెట్టిన మడతకు నీ పానం అప్పజెప్తవా, కోడలు పిల్లా?"

అమ్మ తల పట్టుకుంది. నన్ను ఆపడానికి పిలిస్తే ఆయన మడతల లెక్కలో పడ్డాడు మరి.

అప్పటినుంచి మా గుంపు రిజర్వులన్నీ మామే మడతపెట్టేవాడు. దానికి పొడవాటి శుభ్రమైన నేల కావాలి. భాద్రపదంలో ముహూర్తాలుండవు, నాచారంలో మామ ఇంటి దగ్గరి ఫంక్షన్ హాలు ఖాళీగా పడి ఉంటుంది. హాలు ఓనరు మామకు చిన్నప్పటి దోస్తు. వాచీలు, ఉంగరాలు, నా గాజులు గుమ్మం దగ్గరే తీయించేవాడు. ఊడ్చిన నేలను మళ్లీ ఊడ్పించేవాడు. అదీ చాలక మోకాళ్ల మీద పాకుతూ శ్రావణం పెళ్లిళ్ల అక్షింతలు ఒక్కొక్కటే ఏరేవాడు. "ఒక్క గింజ మడతల ఉంటె, అది గుడ్డను కొరుకుతది" అనేవాడు. రిజర్వును విప్పి, గాలికి ఆరనిచ్చి, పలకలు పలకలుగా కుడికి కొన్ని, ఎడమకు కొన్ని పరిచి, తాళ్లను రబ్బరు బ్యాండ్లలో కుదురుగా దూర్చేవాడు. ఎవరి రిజర్వు మడుస్తుంటే వాళ్లు పక్కనే కూర్చోవాలి. మాట్లాడకూడదు. చాయ్ లేదు. మడత పూర్తయ్యాక మాత్రం తానే పిడి గుంజి చూపించి, మళ్లీ మొదటినుంచి మడిచేవాడు.

"దీనితోని పని పడొద్దని మొక్కు. రేపే పని పడ్తదని మడువు" అనేవాడు. ఇంకో మాట అంతకన్నా ఎక్కువసార్లు అనేవాడు: "గుంజితె రావాలె. గుంజితె రానిది ముడి కాదు, ఉరి."

అదే హాల్లో తొట్టెల ఫంక్షన్‌కు ఊయల వేలాడదీసే కొక్కెం ఉంది. దానికి నన్ను సీటుతో సహా వేలాడదీసి, గిర్రున తిప్పి వదిలేవాడు. కళ్లు తిరిగి, ఏది కుడో ఏది ఎడమో తెలియనప్పుడు చెవి దగ్గర అరిచేవాడు. "సూడు! పట్టు! గుంజు! ఇసురు!" చెయ్యి తడబడిందంటే మళ్లీ తిప్పడమే. ఒకసారి వాంతి చేసుకున్నాను. ముక్కు మూసుకుని నేల కడిగి, "మంచిదే, ఈడనే కక్కినవ్" అని మళ్లీ తిప్పాడు. ఆ రోజు ఆయనను మనసులో ఎన్ని తిట్లు తిట్టానో!

మూట మూసేశాక, పిడి కింది పిన్నుకు సన్నటి ఎర్రదారం ఒక్క పోగు కట్టేవాడు. అది తెగలేదంటే ఎవరూ ముట్టుకోలేదని గుర్తు. పిడి గుంజగానే పుటుక్కున తెగిపోతుంది. అమ్మ ఒకసారి అది చూసి సంతోషపడింది. తమ్ముడు ఏదో మొక్కుకుని రక్షదారం కట్టాడనుకుంది. నాకు ఆ సంగతి అప్పుడు తెలియదు.

ఒక ఏడు దసరాకు ఉప్పల్‌లో మా ఇంట్లో ఆయుధపూజ జరిగింది. నాన్న స్కూటరుకు, మిక్సీకి, కుట్టుమిషనుకు బొట్లు పెట్టి, అమ్మ నా సామానుకూ పెట్టింది. మర్నాడే మేము పుణె వైపు కొండలకు రైలెక్కాం. దసరా దాటితే అక్కడ ఎగరడానికి గాలి అనుకూలంగా ఉంటుంది. ఎగిరే ముందు సామాను చూసుకున్నాను. రిజర్వు పిడి దగ్గర పసుపు అంటిన ఎర్రదారం కనిపించింది. ఎప్పుడూ ఉండేదే కదా.

మధ్యాహ్నం ఎండకు గాలి కాగి కొండ అంచున సుడులు లేచాయి. నా రెక్క కుడి సగం టక్కున ముడుచుకుపోయింది. తర్వాత నేను బొంగరమయ్యాను. ఆకాశం, పొలాలు, ఆకాశం, పొలాలు. రెక్కను సరిచేయాలని తాడు లాగితే అది తాళ్లలో చిక్కుకుని ఇంకా బిగిసింది. అరిచానేమో తెలియదు. మామ గొంతు మాత్రం వినిపించింది. సూడు. చూశాను. పట్టు. పట్టాను. గుంజు. గుంజాను.

రాలేదు.

పిడి కాస్త కదిలి ఆగిపోయింది. ఇప్పటికీ బస్సు బ్రేకు పడితే నాకు ఆ ఆగిపోవడమే గుర్తుకొస్తుంది. కింద చెట్ల కొమ్మలు విడివిడిగా కనిపిస్తున్నాయి. చచ్చిపోతున్నానని స్పష్టంగా తెలిసింది, అమ్మకు ఎవరు చెబుతారో అనుకున్నాను. కొక్కెం దగ్గర మామ మోచేతి మీద కొట్టి చెప్పిన మాట అప్పుడు తోచింది: "వేళ్లతోని కాదు, భుజంతోని గుంజు!" రెండో చెయ్యి కూడా వేసి, భుజం ఊడినా సరే అన్నట్టు గుంజాను. ఏదో వేలిని కోస్తూ తెగింది. మూట చేతిలోకి వచ్చింది. విసిరాను. నెత్తి మీద తెల్లటి గుడ్డ ఫట్‌మని విచ్చుకుంది. ఆ వెంటనే జొన్నచేలో పడ్డాను. కాలు విరిగింది. ప్రాణం ఉంది.

మర్నాటికి మామ దవాఖానాకు వచ్చాడు. నన్ను పలకరించకుండా ముందు సీటు తీసి చూశాడు. పిడికి, పక్కన పట్టీకి తెగిన దారం ముక్కలు వేలాడుతున్నాయి. ఒక పోగు కాదు, పేనిన ముప్పేట దారం. పసుపు రాసి, ముడి మీద ముడి వేసి ఉంది. ఆ ముడి ఎవరిదో ఇద్దరికీ తెలుసు. మా ఇంట్లో గుమ్మానికి మామిడాకులు కట్టినా, నాకు జడ వేసినా అమ్మ ముడి అలాగే ఉంటుంది. గాలిలో ఆ పిడి ఎక్కడ ఊడిపోతుందోనని బిగించి కట్టినట్టుంది.

మామ ఆ ముక్కలు విప్పి జేబులో వేసుకున్నాడు.

"మీ అమ్మకు చెప్పకు" అన్నాడు. "ఇంటె బతకదు."

ఇంటికొచ్చాక అమ్మ చుట్టుపక్కల వాళ్లకు చెప్పుకుని మురిసేది. "నేను గట్టిన దారమే నా బిడ్డను కాపాడింది" అని. నేను గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని.

కాలికి కట్టుతో ఉండగా మా గుంపు పెద్ద చూడటానికి వచ్చాడు. కోస్తా నుంచి వచ్చి హబ్సిగూడలో ఉండేవాడు, మేమంతా కెప్టెన్ అనేవాళ్లం. మామ కూడా అక్కడే ఉన్నాడు. అమ్మ వంటింట్లో చాయ్ పెడుతోంది. కెప్టెన్ నేను పడిన చోట ఆ దారం చూశాడట.

"పిడికి అంత గట్టి దారం ఎవరు కట్టారండీ?"

నేను నోరు తెరిచేలోపే మామ అందుకున్నాడు. "నేనే కట్టిన."

"మీరా? ఇన్నేళ్ల నుంచి మడతపెడుతున్నారు, మీరు కట్టడమేంటండీ?"

"పండుగ గద. భయమైంది, గట్టిన. తప్పు నాదే."

కెప్టెన్ మామ వైపు తిరిగాడు. "ఏమనుకోకండి. ఇక మీదట మా రిజర్వులు పుణెలోనే మడతపెట్టించుకుంటాం."

"అనుకునేదేముంది. అట్లనే జెయ్యాలె. గసొంటి ముడి గట్టిన చెయ్యిని నమ్మొద్దు."

అమ్మ చాయ్ తెచ్చింది. ట్రే మీద కప్పులు కొద్దిగా గలగలమన్నాయి. మరుసటి ఏడు భాద్రపదంలో హాలు నిండా పరుచుకునే రిజర్వులకు బదులు నాదొక్కటే ఉంది. మామ నేలంతా ఊడ్చాడు, అక్షింతలన్నీ ఏరాడు. తనను తప్పుపట్టిన వాళ్ల మీద ఒక్క మాట అనలేదు. నాకు మాత్రం కెప్టెన్ మీద, అమ్మ మీద, అంత నోరుండీ ఊరుకున్న మామ మీద, అందరి మీదా కోపమే.

ఆ ఏడు రాఖీ పున్నమికి అమ్మ నాచారం వెళ్లి తమ్ముడికి రాఖీ కట్టింది. ఎప్పటిలా ముడి మీద ముడి వేయలేదు. కొస లాగితే విడిపోయే జారుముడి వేసింది. "గట్ల గడితె పొద్దుమీకె లోపల ఊడిపోతది వదినా" అని అత్తమ్మ నవ్వింది. మామ ఆ ముడిని చూశాడు. తలెత్తి అక్కను చూశాడు. "ఊడాలె" అన్నాడు. అమ్మ ఆయన నోట్లో లడ్డూ పెట్టింది. తర్వాత ఏటా జారుముడే. దారమే కాపాడిందన్న మాట ఆమె నోట మళ్లీ రాలేదు. ఇవన్నీ నా కళ్ల ముందే జరిగాయి, నాకే తట్టలేదు.

మొన్న నాచారంలో, మామను ఎత్తబోయే ముందు, అమ్మ కొంగుముడి విప్పి రాఖీ తీసింది. పండుగకు ఇంకా రోజులున్నాయి, ముందే కొనిపెట్టుకుందట. ఆయన మణికట్టుకు కట్టి, ఆ చెయ్యి వదలకుండా, నాకు మాత్రమే వినిపించేలా అంది.

"ముడి గట్టిన చెయ్యిని నమ్మొద్దన్నడు. వంటింట్ల నిలబడి ఇన్న. అది నా చెయ్యే గద బిడ్డా. వాడు మీద ఏసుకున్నడు. నేను నోరు దెరిస్తే వాని మాట అబద్ధమైతదని ఊకున్న."

ఆమె భుజం పట్టుకున్నాను.

"ఇగ ఎత్తాలె, జరగున్రి" అని ఎవరో అన్నారు. అమ్మ చెయ్యి వదిలింది కానీ రాఖీ కొస వేళ్ల మధ్యే ఉండిపోయింది. నలుగురూ పాడె ఎత్తారు. దారం ఒక్క క్షణం బిగిసింది. తర్వాత ఎక్కడా పట్టకుండా ముడి జారి విడిపోయింది. మామ గుమ్మం దాటాడు. అమ్మ చేతిలో ఎర్రదారం వేలాడుతూ ఉంది.